పాలు లేని ఓట్స్: ఏ పండు, ఏ కూరగాయ, ఏ మసాలా దినుసు ఎంచుకోవాలి?

ఓట్స్‌కు సొంతంగా ఉన్న రుచి చాలా తక్కువ. వేయించిన ధాన్యపు వాసన కొద్దిగా, ఉడికితే వచ్చే జిగురు కొంత, చివర్లో నాలుకకు తగిలీ తగలని చిరుతీపి, అంతే. మన ఇళ్లలో వాటిని చిక్కటి పాలలో ఉడికించి, పంచదారో తేనో కలిపి, నెయ్యిలో వేగిన జీడిపప్పు చల్లుకుని తింటారు కనుక ఆ చప్పదనం బయటపడదు. వీగన్ ఆహారానికి మారినవారికి పాలు, పెరుగు, నెయ్యితోపాటు తేనె కూడా దూరమవుతుంది. అప్పుడు గిన్నెలోంచి పోయేది ఒక్క పాలే అనుకుంటే పొరపాటు. పాలతో వచ్చే కమ్మదనం మొత్తం పోతుంది. ఆ లోటును పూడ్చడానికి చాలామంది అరటిపండు, ఖర్జూరం, బెల్లం అంటూ తీపి మీద తీపి వేసుకుంటూ పోతారు, కొద్ది రోజుల్లోనే మొహం మొత్తి ఓట్స్ డబ్బాను అటకెక్కిస్తారు.

నిజానికి పాలు లేని ఓట్స్ జావ కొత్త ప్రయోగమేమీ కాదు. స్కాట్లండ్‌లో సంప్రదాయపు జావ అంటే ఓట్స్, నీళ్లు, ఉప్పు మాత్రమే. అక్కడి కార్‌బ్రిడ్జ్ గ్రామంలో 1994లో మొదలైన జావ తయారీ పోటీలో సంప్రదాయ విభాగానికి నేటికీ ఈ మూడు దినుసులే అనుమతి. స్విట్జర్లాండ్ వైద్యుడు మాక్సిమిలియన్ బిర్షర్-బెన్నర్ సుమారు 1900 ప్రాంతంలో తన రోగులకు పెట్టిన వంటకంలో నానబెట్టిన ఓట్స్, నిమ్మరసం, తొక్కతో సహా తురిమిన ఆపిల్, గింజలు ఉండేవి. పాల పదార్థం ఉన్నా అది కాస్త కండెన్స్‌డ్ మిల్క్ మాత్రమే. మొదటిది ఉప్పు ఆధారంగా, రెండవది పులుపు ఆధారంగా నిలిచిన వంటకాలు. మనం రుచులను పోల్చి చూసుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవడం అవసరం. పాలు లేని గిన్నెలో కమ్మదనాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో ముందు తేల్చుకుని, తర్వాత దానికి ఎదురు నిలిచే పులుపునో ఘాటునో ఎంచుకుంటే పండు, కూరగాయ, మసాలా దినుసు ఏవి కావాలో చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

నా అభిప్రాయం మొదటే చెబుతాను. రోజూ తినదలచినవారికి పోపు పెట్టిన కూరగాయల ఓట్స్ మేలు. తీపి కావాలనుకుంటే తీపి గుమ్మడి ఏడాది పొడుగునా నమ్మదగినది. పండ్లు ఏ కాలానికా కాలం తినవలసినవే తప్ప నిత్యం ఒకే పండును పట్టుకుని వేలాడదగినవి కావు.

ముందుగా ఓట్స్ రకం

బజారులో దొరికే ఓట్స్‌లో ప్రధానమైనవి మూడు రకాలు. గింజను రెండు మూడు ముక్కలుగా కోసినవి స్టీల్‌కట్ ఓట్స్. ఆవిరి పట్టి రోలర్ల మధ్య అటుకుల్లా అణిచినవి రోల్డ్ ఓట్స్. అంతకంటే పలుచగా అణిచి, ముందే ఉడికించి ఆరబెట్టినవి ఇన్‌స్టంట్ ఓట్స్. మొదటి రకం ఉడకడానికి 25 నుంచి 30 నిమిషాలు, రెండవదానికి ఐదారు నిమిషాలు, మూడవదానికి రెండు నిమిషాలు పడుతుంది. ఈ తేడా సమయంతోనే ఆగదు. రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచిక రోల్డ్ ఓట్స్ జావకు సుమారు 55 కాగా ఇన్‌స్టంట్ ఓట్స్‌ది సుమారు 79. మధుమేహం ఉన్నవారు ఇన్‌స్టంట్ ఓట్స్‌లో పండిన అరటిపండు చిదుముకుని ఆరోగ్యకరమైన ఫలహారం చేస్తున్నామనుకోవడంలో అర్థం లేదు.

రుచి విషయానికి వస్తే, పలుకు మిగలాల్సిన పులిహోర వంటి వాటికి స్టీల్‌కట్ ఓట్స్, పండ్ల రసం పీల్చుకోవలసిన వాటికి రోల్డ్ ఓట్స్ సరిపోతాయి. ఇన్‌స్టంట్ రకంలో ఏ పండు వేసినా ముద్దగా మారుతుంది కనుక దానిని ప్రయాణాలకు ఉంచుకోవడమే తెలివైన పని. మసాలా కలిపి అమ్మే ప్యాకెట్ల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉన్నంత మాత్రాన అందులో పాలపొడి లేదని కాదు. ఆ గుర్తు శాకాహారానికి సంబంధించినది, పాలు శాకాహారం కిందికే వస్తాయి. పాల పదార్థాలు, తేనె కూడా లేని ఆహారానికి మన దేశంలో 2022 నాటి నిబంధనల ప్రకారం ఆకుపచ్చ వి అక్షరంతో కూడిన వేరే గుర్తు ఉంది. అది కనిపించకపోతే దినుసుల జాబితా చదివి తీరాలి.

పాల స్థానంలో ఏమిటి?

కొబ్బరిపాలు, సోయాపాలు, బాదంపాలు, జీడిపప్పు ముద్ద, వేరుశెనగ పాలు. మన వంటింటికి అందుబాటులో ఉన్నవి ఇవి. వీటిలో కమ్మదనానికి కొబ్బరిపాలను మించినది లేదు. అయితే వాటిని ముందే పోసి తెర్లనిస్తే విరిగి నూనె తేలుతుంది. పచ్చికొబ్బరి నుంచి తీసిన రెండవ పాలలో ఓట్స్ ఉడికించి, చిక్కటి మొదటి పాలను స్టవ్ ఆపిన తర్వాతే కలపాలి. పులుపుతో కొబ్బరిపాలకు పెద్దగా పేచీ లేదు; మామిడికీ అనాసకూ అందుకే అవి నప్పుతాయి.

ప్రొటీన్ ముఖ్యమనుకునేవారు సోయాపాల వైపు చూడాలి. 100 మిల్లీలీటర్ల సోయాపాలలో దాదాపు 3 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, అంటే ఆవుపాలకు దగ్గరగా. బజారులో డబ్బాలో దొరికే బాదంపాలలో సాధారణంగా అర గ్రాము చుట్టూ మాత్రమే ఉంటుంది; వాటిని రుచి కోసం కొనుక్కోవచ్చు గానీ బలం కోసం కాదు. సోయాపాలతో వచ్చే చిక్కు ఏమిటంటే పులుపు తగిలితే అవి విరుగుతాయి. వేడి సోయాపాలలో అనాస ముక్కలు వేసినా, నిమ్మరసం పిండినా పలుకులు పలుకులుగా గడ్డకడతాయి. కొన్ని బెల్లాలతో కూడా ఇలాగే జరుగుతుంది. అందుకని సోయాపాలు పోసిన రోజున అరటి, సపోటా, గుమ్మడి, కారెట్ వంటి పులుపు లేనివాటిని ఎంచుకుని, బెల్లం వేయదలచుకుంటే పాకంగా కరిగించి చల్లార్చి చివర్లో కలుపుకోవాలి.

నిత్యం వాడుకోవడానికి నేను ఎంచుకునేది జీడిపప్పు ముద్ద. ఎనిమిదో పదో జీడిపప్పు పలుకులను వేడినీళ్లలో అరగంట నానబెట్టి మెత్తగా రుబ్బి, ఉడికిన ఓట్స్‌లో కలిపితే పాలు పోసినట్టే ఉంటుంది. సొంత వాసన లేకపోవడంతో తీపికైనా కారానికైనా ఒదుగుతుంది. వేరుశెనగ పాలు చవకైనవి, కానీ గింజలను దోరగా వేయించి పొట్టు తీయకపోతే పచ్చి వాసన పోదు. ఇక ఓట్స్‌తోనే తయారుచేసిన పాలను ఓట్స్‌లో పోయడం వల్ల ఖర్చు పెరుగుతుందే తప్ప కొత్తగా కలిసే రుచి దాదాపు లేదు.

పండ్లు: ఉడికించాల్సినవి, ఉడికించకూడనివి

పండ్లను తీపి ప్రకారం కాకుండా, వేడికి ఏమవుతాయన్న దాని ప్రకారం విడదీసి చూడటం ఇక్కడ ఎక్కువ ఉపయోగపడుతుంది. అరటి, ఆపిల్, అనాస వేడికి బాగుపడతాయి. మామిడి, సీతాఫలం చెడిపోతాయి.

మామిడిలోనూ అన్ని రకాలూ ఒకే పనికి రావు. నంద్యాల జిల్లా బనగానపల్లె పేరు మీద వచ్చి, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లి పీచులేని పండు; ముక్కలుగా నిలుస్తుంది, పులుపు చాలా తక్కువ. దానిని చిన్న ముక్కలు చేసి, గోరువెచ్చగా చల్లారిన ఓట్స్ మీద వేసుకోవాలి. చిన్న రసాలు, పెద్ద రసాలు అలా కాదు. వాటిని పిండి రసం తీసి, స్టవ్ ఆపిన ఓట్స్‌లో కలిపి పది నిమిషాలు మూత పెడితే ఓట్స్ ఆ రసాన్ని పీల్చుకుని గిన్నె అంతా మామిడి అవుతుంది. ఈ రెండింటిలో ఓట్స్‌కు రసాలే మేలని నా తీర్పు, ఎందుకంటే వాటి తీపి వెనకాల సన్నని పులుపు ఉంటుంది, ఆ పులుపే వెగటు పుట్టకుండా కాపాడుతుంది. అలవాటుగా వేసే యాలకుల పొడికి బదులు వేయించి దంచిన జీలకర్ర చిటికెడు, ఉప్పు రెండు మూడు పలుకులు, కొబ్బరిపాలు రెండు గరిటెలు వేసి చూడండి. యాలకులు మామిడి వాసనతో పోటీ పడతాయి. జీలకర్ర దానికి అడ్డు రాదు. మామిడి రసాన్ని స్టవ్ మీద ఉడికిస్తే మాత్రం ఆ సువాసన ఆవిరైపోయి జామ్ వాసన మిగులుతుంది.

సీతాఫలానికి ఈ నియమం ఇంకా కఠినంగా వర్తిస్తుంది. దాని గుజ్జు వేడి తగిలితే చేదెక్కుతుంది. మహబూబ్‌నగర్ వైపు బాలానగర్ సీతాఫలాలు దసరా నుంచి దీపావళి వరకు హైదరాబాదు వీధుల్లో బుట్టలకొద్దీ దిగుతాయి; ఆ కొద్ది వారాలూ ఓట్స్‌ను జీడిపప్పు ముద్దతో చిక్కగా వండి, పూర్తిగా చల్లార్చి, గింజలు తీసిన గుజ్జును పైనుంచి కలుపుకోవాలి. మసాలా దినుసు ఏదీ అక్కర్లేదు. గింజలు తీసే ఓపిక ఉన్నవారికే ఈ రుచి. ఉదయం ఎనిమిదింటికి బస్సు పట్టుకోవాల్సినవారికి కాదు.

అరటిపండు అందరికీ తెలిసిన దారే అయినా రకం మీద చాలా ఆధారపడుతుంది. రావులపాలెం సంత నుంచి వచ్చే చక్కెరకేళి బాగా తీయనిది, మెత్తనిది. దాన్ని చిదిమి ఓట్స్‌తోపాటు ఉడికిస్తే బెల్లం అవసరం ఉండదు. కర్పూర రకంలో కాస్త పులుపు ఉంటుంది కనుక పచ్చిగా ముక్కలు చేసి వేసుకోవడానికి బాగుంటుంది. అన్నిచోట్లా దొరికే పొడవాటి పచ్చ అరటి ఈ రెండింటి ముందు దిగదుడుపే, కానీ దాన్ని పెనం మీద చుక్క కొబ్బరినూనెతో రెండువైపులా ఎర్రగా కాల్చి, మీద మిరియాల పొడి చల్లితే ఓట్స్ మీదికి చక్కగా కుదురుతుంది. అరటితో దాల్చినచెక్క వేయమని చాలామంది చెబుతారు. మిరియం, వేయించిన వేరుశెనగ పొడి, చిటికెడు ఉప్పు ఇంకా బాగా నప్పుతాయి.

ఆపిల్, దాల్చినచెక్క జోడీ ప్రపంచమంతటా ప్రసిద్ధం. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న మనవాళ్లకు శరదృతువులో కొత్తగా కోసిన పుల్లటి ఆపిల్ దొరుకుతుంది కనుక వారు దానినే ఎంచుకోవడం సమంజసం. ఇక్కడ ఏడాది పొడుగునా శీతల గిడ్డంగుల నుంచి వచ్చే ఆపిల్‌లో ఆ పులుపు తగ్గి ఉంటుంది, ధర మాత్రం తగ్గదు. దానికి బదులు జామపండు తీసుకోవచ్చు. గింజలు పంటికి అడ్డుపడతాయి కనుక ముక్కలను కొద్ది నీళ్లలో మెత్తగా ఉడికించి జల్లెడలో వడకట్టి, ఆ గుజ్జులో ఒక లవంగం, చిన్న దాల్చిన ముక్క వేసి ఓట్స్‌లో కలపాలి. పచ్చి జామలో 100 గ్రాములకు సుమారు 200 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటుంది, ఓట్స్‌లోని ఇనుము ఒంటికి పట్టడానికి అది తోడ్పడుతుంది. వేడికి అందులో కొంత పోతుంది కాబట్టి నాలుగు పచ్చి ముక్కలు పక్కన పెట్టుకుని తినడం మంచిది.

అనాసను పచ్చిగా వేయకూడదు. అందులోని బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ప్రొటీన్లను విరగ్గొట్టి సోయాపాలను, గింజల పాలను చెడగొడుతుంది. ఉడికిస్తే దాని శక్తి పోతుంది. ముక్కలను పసుపు, ఒక ఎండుమిరపకాయ, కాస్త బెల్లంతో దగ్గరపడేదాకా మగ్గించి కొబ్బరిపాల ఓట్స్‌లో కలిపితే తీపి, పులుపు, కారం మూడూ ఒక్క గిన్నెలో చేరతాయి. సపోటా విషయంలో మాత్రం జాగ్రత్త వహించాలి, అది ఓట్స్‌లాగే మెత్తన, ఓట్స్‌కంటే ఎక్కువ చప్పని తీపి. దానికి చికోరీ కలపని చిక్కటి కాఫీ డికాషన్ రెండు చెంచాలు తోడైతే తప్ప రుచి రాదు. అరకు కాఫీ పొడి ఇంట్లో ఉంటే ఈ జోడీ ప్రయత్నించదగినది. నేరేడుపండు వగరు వేడి ఓట్స్‌లో మరీ ఎక్కువై, రంగు బూడిద కలిసినట్టు అవుతుంది. రాత్రి నానబెట్టి చల్లగా తినే ఓట్స్‌లో నల్లుప్పుతో అయితే సరే.

తీపి కూరగాయలు

పండ్లతో పోలిస్తే కూరగాయలకు రెండు సుగుణాలు ఉన్నాయి. చక్కెర తక్కువ, ధర తక్కువ. వీటిలో తీపి గుమ్మడికి మొదటి స్థానం ఇవ్వడానికి కారణం అది ఉడికితే పూర్తిగా కరిగి, వెన్న కలిపినట్టు నునుపైన గుజ్జు అవుతుంది, కనుక పాల అవసరాన్ని సగం అదే తీరుస్తుంది. ఒకరికి సరిపడా చేసుకునే పద్ధతి ఇది. 100 గ్రాముల గుమ్మడి ముక్కలను చెక్కు తీసి ఆవిరి మీద ఉడికించి గరిటెతో మెదపాలి. గిన్నెలో చెంచాడు కొబ్బరినూనె వేసి 40 గ్రాముల, అంటే సుమారు అర కప్పు రోల్డ్ ఓట్స్‌ను సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి, రంగు మారనక్కర్లేదు. ఒకటింబావు కప్పు నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి ఐదు నిమిషాలు ఉడకనిచ్చి, గుమ్మడి గుజ్జు, పావు చెంచా శొంఠి పొడి కలిపి మరో రెండు నిమిషాలు ఉంచి దించాలి. రెండు చెంచాల బెల్లం తురుము దించిన తర్వాత వేసి, మీద వేయించి దంచిన నువ్వుల పొడి ఒక పెద్ద చెంచా చల్లాలి. గుమ్మడి, బెల్లం, నువ్వులు సంక్రాంతి నాటి రుచులే కనుక ఇంట్లో పెద్దవాళ్లు కూడా దీనికి వంక పెట్టరు. దాల్చినచెక్క, జాజికాయ వేసి పాశ్చాత్య పద్ధతిలోనూ చేసుకోవచ్చు, కానీ శొంఠి ఘాటు గుమ్మడి తీపిని అదుపులో పెట్టినంతగా దాల్చిన పెట్టలేదు. బూడిద గుమ్మడి దీనికి పనికిరాదు, అందులో ఉన్నది నీరే. విదేశాల్లో ఉన్నవారికి బటర్‌నట్ స్క్వాష్ సరైన ప్రత్యామ్నాయం.

కారెట్‌ను హల్వా పద్ధతిలో యాలకులతో వేసుకోవడం సులభమే, అయితే తురుమును నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి తీరాలి. నూనె అవసరం రుచికి మాత్రమే కాదు. కారెట్‌లోని బీటా కెరోటిన్ కొవ్వులో కరిగేది కనుక నూనెలేని ఓట్స్‌లో వేసిన కారెట్ ఒంటికి సరిగా పట్టదు. చిలగడదుంపను నీళ్లలో ఉడికించడం కంటే సన్న సెగ మీద నెమ్మదిగా కాల్చితే అందులోని పిండి పదార్థం కొంత చక్కెరగా మారి తీపి పెరుగుతుంది, బెల్లం ఆదా అవుతుంది. శివరాత్రికి తెచ్చుకున్న దుంపలు మిగిలితే ఇంతకంటే మంచి దారి లేదు.

బీట్‌రూట్‌ను రంగు చూసి ఎంచుకునేవారు ఎక్కువ. దాని మట్టి వాసన పాలు లేని ఓట్స్‌లో దాచడానికి చోటు దొరకదు. అల్లం రసం, కమలాపండు తొక్క తురుము, చివర్లో నిమ్మరసం వేస్తే వాసన తగ్గుతుంది, ఎర్రదనం కూడా నిలుస్తుంది. ఎక్కువసేపు ఉడికిస్తే రంగు వెలిసిపోతుంది. ఇంత శ్రమ పిల్లల పుట్టినరోజుకు తగినదేమో, రోజూ పొద్దున్నే చేయడానికి కాదు. సొరకాయకు సొంత రుచి లేదు, కాబట్టి పరిమాణం పెంచి కేలరీలు తగ్గించుకోవాలనుకునేవారికే అది ఉపయోగం.

పోపు పెట్టిన ఓట్స్

ఉప్పు, కారం వైపు వస్తే పాలు లేవన్న సంగతే గుర్తుకు రాదు. మన ఉప్మాకూ పులిహోరకూ ఏనాడూ పాలు అవసరం కాలేదు. నెయ్యి ఒక్కటి మానుకుంటే చాలు, దాని బదులు పులిహోరకు నువ్వుల నూనె, పొంగలి రకానికి కొబ్బరినూనె, మిగతావాటికి వేరుశెనగ నూనె సరిపోతాయి.

పులిహోర పద్ధతికి స్టీల్‌కట్ ఓట్స్ తప్ప వేరే రకం పనికిరాదు. వాటిని పొడిగా వేయించి, ఒకటికి రెండు వంతుల నీళ్లలో పలుకుగా ఉడికించి, పళ్లెంలో పరిచి ఆరనివ్వాలి. వేడి మీద కలిపితే ముద్ద అవుతుంది. ఆవాలు, శెనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ, వేరుశెనగ గుళ్లతో పోపు పెట్టి, పసుపుతో ఉడికించిన చింతపండు గుజ్జు కలపాలి. వేసవి మొదట్లో చింతపండుకు బదులు పచ్చి మామిడి తురుము వేస్తే ఇంకా మేలు, ఓట్స్ జిగురును ఆ పచ్చి పులుపు కోసేస్తుంది. గోధుమ కూడా పడనివారు మాత్రం ఇంగువ డబ్బా మీద చూసుకోవాలి. బజారు ఇంగువలో చాలావరకు గోధుమపిండి కలుపుతారు. ఓట్స్‌ను కూడా గ్లూటెన్ లేనివని ప్రత్యేకంగా రాసి ఉన్నవే కొనాలి, మరల్లో గోధుమతో కలిసే అవకాశం ఎక్కువ.

మిరియాల పొంగలి పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. ఇక్కడ జిగురే గుణం. రోల్డ్ ఓట్స్‌లో సగం కొలత పెసరపప్పును దోరగా వేయించి మెత్తగా ఉడికించి, ఓట్స్‌తో కలిపి జారుగా చేసి, కొబ్బరినూనెలో జీలకర్ర, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, అల్లం ముక్కలు, జీడిపప్పు, కరివేపాకు వేయించి పైన పోయాలి. నెయ్యి లేని వెలితిని జీడిపప్పు ముద్ద ఒక చెంచా తీరుస్తుంది. పెసరపప్పుతో ప్రొటీన్ కూడా చేరుతుంది కనుక పులిహోర, పొంగలి రెండింటిలో ఒకదానినే ఎంచుకోవాలంటే నేను పొంగలినే సూచిస్తాను, ముఖ్యంగా పెద్ద వయసువారికి, జ్వరం పడి లేచినవారికి.

ఆకుకూరల్లో మునగాకు ఓట్స్‌కు బాగా నప్పుతుంది. ఆషాఢంలో మునగాకు తినాలన్న ఆనవాయితీ ఎలాగూ ఉంది. ఆకును నూనెలో కరకరలాడేలా వేయించి పొంగలి మీద వేసుకుంటే చేదు తెలియదు. మెంతికూర వాసన బాగుంటుంది గానీ చేదు ఓట్స్‌లో పేరుకుంటుంది, గుప్పెడు మించకూడదు. టమాటా ఓట్స్ చాలా ఇళ్లలో చేసేదే. ఒక సూచన మాత్రం చెప్పాలి: టమాటా పూర్తిగా మగ్గి నూనె తేలకముందే ఓట్స్ వేస్తే పచ్చి పులుపు అలాగే ఉండిపోతుంది, ఓట్స్ కొద్ది నిమిషాల్లోనే ఉడికిపోతాయి కనుక తర్వాత మగ్గించడానికి వ్యవధి ఉండదు.

మసాలా దినుసుల గురించి కొంత

దినుసు ఏది వేయాలన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు వేయాలన్నదీ అంతే ముఖ్యం. దాల్చినచెక్క, లవంగం నీళ్లు మరిగేటప్పుడే వేసి, తినేముందు తీసేయాలి. యాలకుల పొడి, జాజికాయ దించిన తర్వాత వేయాలి. జాజికాయ చిటికెడు మించితే చేదే కాక ఒంటికి మంచిది కాదు. రోజూ దాల్చినచెక్క వాడేవారు ఏది కొంటున్నారో గమనించడం అవసరం: ఒకే మందపాటి చుట్టగా, గట్టిగా ఉండేది కాసియా, కాగితం పొరలు చుట్టినట్టు పలుచగా, వేళ్లతో నలిపితే విరిగేది సిలోన్ దాల్చిన. కాసియాలో కూమరిన్ అనే పదార్థం చాలా ఎక్కువ, అది మోతాదు మించితే కాలేయానికి హాని. ఎప్పుడో ఒకసారి వాడేవారికి ఈ తేడాతో పని లేదు. నిత్యం చెంచాడు వేసుకునేవారు సిలోన్ రకమే కొనాలి.

పసుపు వేసినచోట మిరియం కూడా వేయడం మంచి అలవాటు. మిరియంలోని పిపరిన్ వల్ల పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి ఎక్కువగా పడుతుంది. సోంపు జామతోనూ, అనాసతోనూ కుదురుతుంది, గుమ్మడితో కుదరదు. గరంమసాలా పొడిని తీపి ఓట్స్‌లో వేసే ధోరణి ఒకటి ఈమధ్య కనిపిస్తోంది. అందులో ధనియాలు ఉంటే గిన్నె కూర వాసన వేస్తుంది, వద్దు.

ఎవరికి ఏది?

మధుమేహం ఉన్నవారు స్టీల్‌కట్ పులిహోర, మునగాకు పొంగలి ఎంచుకోవడం క్షేమం. తీపి మీద మనసైతే బెల్లం వేయని గుమ్మడి ఓట్స్‌ను నువ్వుల పొడితో కొద్ది పరిమాణంలో తినవచ్చు. కొలెస్ట్రాల్ కోసం ఓట్స్ మొదలుపెట్టినవారు పరిమాణం గుర్తుంచుకోవాలి: ప్రయోజనానికి ఓట్స్‌లోని కరిగే పీచు అయిన బీటా గ్లూకాన్ రోజుకు 3 గ్రాములు కావాలని అమెరికా ఆహార నియంత్రణ సంస్థ 1997లో చెప్పింది, అందుకు సుమారు 75 గ్రాముల ఓట్స్ తినాలి. అంత ఒకేసారి తీపిగా తినడం కష్టం. పొద్దున గుమ్మడి ఓట్స్, రాత్రి పొంగలి రకం అని పంచుకుంటే సులువుగా సాగుతుంది.

పిల్లలకు అరటి, కారెట్, మామిడి. ఆఫీసు డబ్బాకు పులిహోర తప్ప మరేదీ కాదు, ఎందుకంటే మిగతావన్నీ చల్లారేకొద్దీ గట్టిపడి గడ్డలా తయారవుతాయి. పాలు పూర్తిగా మానినవారు కాల్షియం కోసం పొట్టు తీయని నువ్వులను ఏ రుచిలోనైనా చేర్చుకోవాలి, బి12 విటమిన్ మాత్రం పండ్లలోనూ కూరగాయల్లోనూ దొరకదు కనుక వైద్యుని సలహాతో విడిగా తీసుకోవాలి. విదేశాల్లో డబ్బాలో దొరికే మామిడి గుజ్జు వాడేవారు పంచదార కలిపిందో లేదో చూసి కొనుక్కోవాలి, చాలావాటిలో కలిపే ఉంటుంది.

ఇంట్లో ఒకరికి తీపి, ఒకరికి కారం కావలసి వస్తే రెండు వంటలు చేయనక్కర్లేదు. స్టీల్‌కట్ ఓట్స్‌ను ఉప్పు మాత్రం వేసి ఒకేసారి వండి, చల్లార్చి, మూత ఉన్న గిన్నెలో ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు నిల్వ ఉంటాయి. పొద్దున కావలసినంత తీసి, ఒక వంతుకు వేడినీళ్లు, గుమ్మడి గుజ్జు, శొంఠి కలిపి వెచ్చబెట్టి, రెండవ వంతును పోపు గిన్నెలోకి వేయవచ్చు. పండ్లు మాత్రం ముందు రోజే కలిపి ఉంచకూడదు.